దానం అని రాసిన చోట: ఒక ఇత్తడి ప్రభావళి ఎవరిదో తేల్చిన కేసు

మ్యూజియం వస్తువుల యాజమాన్య చరిత్ర వెతకడం నా పని. ఒక వస్తువు తయారైన నాటి నుంచి షోకేసులోకి వచ్చేదాకా ఎవరెవరి చేతులు మారింది, మారిన ప్రతిసారీ ఇచ్చినవాళ్లకు ఇచ్చే హక్కు ఉందా, దానికి కాగితం ఉందా అని చూస్తాను. ఇక్కడ రాస్తున్న కేసు కర్నూలు ప్రాంతానిది. మ్యూజియం పేరు, ఊళ్ల పేర్లు, కుటుంబం పేరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. కేసును తేల్చిన ఆధారాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

దీన్ని రాయడానికి కారణం ఒక్కటే. మ్యూజియం రిజిస్టరులో ‘దానం’ అని కనబడగానే అందరం నిశ్చింతగా ఉండిపోతాం. కొన్నది కాదు, కొట్టుకొచ్చింది కాదు, ఎవరో మంచి మనసుతో ఇచ్చారు, ఇంకేం కావాలి అనుకుంటాం. ఇచ్చినాయనకు అది ఇచ్చే అధికారం ఉందా అని అడగం. గుడి వస్తువుల విషయంలో ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే.

నేపథ్యం

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1981లో, కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఉన్న చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పట్లో రాతి గుళ్ల గురించి ప్రభుత్వం బాగానే పట్టించుకుంది. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదికి కూడా ముంపు ప్రాంతపు గుడి తరలింది. శాసనాలకు నకళ్లు తీశారు. కానీ ఊరి గుడిలో ఉండే గంటలు, దీపపు సెమ్మెలు, పల్లకి కొమ్ములు, ఉత్సవ విగ్రహాల వెనక తోరణంలా పెట్టే ప్రభలు, అంటే ప్రభావళులు, ఏ సర్వేలోనూ ఎక్కలేదు. అవి కళాఖండాలు కావు, పూజ సామాన్లు. ఎవరు మోయగలిగితే వాళ్లు మోసుకుపోయారు. నిర్వాసితులు ఒకచోట స్థిరపడటానికే ఏళ్లు పట్టింది. కొత్త ఊళ్లో ముందు ఇల్లు, తర్వాత బోరు, ఆ తర్వాత బడి. గుడి వంతు చివరికి వచ్చింది.

ఈ కేసులోని మ్యూజియం ఒక ట్రస్టు నడిపే చిన్న సంస్థ. స్థానిక చరిత్ర మీద ప్రేమతో పెట్టింది, జీతం తీసుకునే సిబ్బంది ఇద్దరే. వచ్చిన వస్తువులను నమోదు చేసే దాని యాక్సెషన్ రిజిస్టరులో 1993 నాటి ఒక పద్దు ఇలా ఉంది: ‘ఇత్తడి ప్రభావళి, ఒకటి. విజయనగర కాలం. దానం.’ ఆ పక్కన కర్నూలు పాతబస్తీకి చెందిన ఒకాయన పేరు. అంతే.

వచ్చిన సమస్య

మ్యూజియం చూడటానికి వచ్చిన ఒక కుర్రాడు ఆ ప్రభావళిని ముందు నుంచి ఫొటో తీసి తన ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊళ్లో పెద్దవాళ్లు చూసి ఇది మన చెన్నకేశవస్వామిది అన్నారు. నిర్వాసితుల కొత్త ఊరు అది. సర్పంచి సంతకంతో మ్యూజియానికి అర్జీ వచ్చింది. ఆ ఫొటో ఊళ్లు దాటింది. కొన్ని వారాలకు ఇంకో నిర్వాసిత గ్రామం నుంచి అలాంటిదే మరో అర్జీ వచ్చింది. వాళ్లదీ చెన్నకేశవ ఆలయమే, వాళ్లదీ నీళ్లలో మునిగిన ఊరే.

మ్యూజియం కార్యదర్శి నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ‘‘ఒకటే వస్తువు, రెండు ఊళ్లు సార్. ఎవరికి ఇచ్చినా రెండోవాళ్లు కోర్టుకు పోతామంటారు. ఎవరికీ ఇవ్వకపోతే ఇద్దరూ కలిసి పోతారు. అసలు మాకు దానంగా వచ్చింది కదా, ఇవ్వాల్సిన పనేముంది?’’

ఆయన మాటల్లో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఈ వస్తువు ఏమిటి, ఎప్పటిది? మునగక ముందు ఏ గుడిలో ఉంది? అక్కడి నుంచి బయటికి తెచ్చినవాళ్లకు, తర్వాత దానం చేసినవాళ్లకు ఏ హక్కు ఉంది? మూడింటినీ ఒకేసారి తేల్చబోతే ఒకదాని జవాబు ఇంకోదాని మీద పడి అన్నీ వంకరవుతాయి. అందుకే విడదీశాను. మూడింటికీ జవాబు వచ్చేదాకా ప్రభావళిని ఎక్కడికీ కదపొద్దని, షోకేసులో కాలనిర్ణయం రాసిన చీటీ మాత్రం తీసేయమని మ్యూజియానికి చెప్పాను. తేలని తేదీ గోడ మీద ఉంటే రేపు అదే సాక్ష్యం అయిపోతుంది.

ఫలితం ఇవ్వని దారులు

మొదట మ్యూజియం కాగితాలే చూశాను. ‘విజయనగర కాలం’ అన్న మాట రిజిస్టరులో ఉంది, షోకేసు చీటీ మీద ఉంది, ఒక ప్రదర్శన కోసం అచ్చేసిన కరపత్రంలోనూ ఉంది. మూడు చోట్ల ఉంది కాబట్టి బలమైన ఆధారం అనిపిస్తుంది. కానీ కరపత్రం చీటీని చూసి రాసింది, చీటీ రిజిస్టరును చూసి రాసింది, రిజిస్టరులో మాట దాత నోట విన్నది. మన సీమలో పాతది ఏదైనా ‘రాయల కాలం నాటిది’ అంటారు. అభిమానంతో అనే మాట అది, తేదీ కాదు.

తర్వాత శైలి. పైన కీర్తిముఖం, రెండు పక్కలా మకరాలు, వాటి నోళ్ల నుంచి సాగే లతలు, అంచున జ్వాలలు. లోహ విగ్రహాల మీద పనిచేసిన ఒక పరిశోధకురాలికి ఫొటోలు పంపాను. కంచరివాళ్లు తాత చేసిన అచ్చునే మనవడూ చేస్తాడని, ఈ నమూనా నాలుగు వందల ఏళ్లుగా పెద్దగా మారలేదని, ఫొటో చూసి శతాబ్దం చెప్పడం న్యాయం కాదని ఆమె రాసింది. అలా తెగేసి చెప్పినందుకు ఆమెకు కృతజ్ఞతలు. ఏదో ఒక శతాబ్దం చెప్పి ఉంటే మేం దాన్నే పట్టుకుని వేలాడేవాళ్లం.

లోహ పరీక్ష చేయిద్దామా అని ట్రస్టు సభ్యుడొకరు అడిగారు. వద్దన్నాను. రాగి ఎంత, జింకు ఎంత అని తేలితే ఇత్తడి నాణ్యత తెలుస్తుంది. ఏ గుడిదో తెలియదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు, వచ్చే జవాబు మన ప్రశ్నకు సంబంధించినదేనా అని చూసుకోవాలి.

ఫొటో ఆర్కైవులు ఇంకో దారి. ఈ రంగంలో పెద్ద కేసులు ఎక్కువగా ఫొటోల మీదే తేలాయి. తమిళనాడులోని శ్రీపురందాన్ నటరాజ విగ్రహం గుడిలో ఉండగా తీసిన ఫొటోలు పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో ఉండబట్టే అది ఎక్కడిదో రుజువైంది. 2014లో ఆస్ట్రేలియా దాన్ని తిరిగి ఇచ్చింది. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ ఫలకం 2016లో అదే దేశపు జాతీయ గ్యాలరీ నుంచి వెనక్కి వచ్చింది. కానీ ఫొటో తీయాలంటే ముందు ఎవరికైనా అది విలువైనదిగా కనిపించాలి. మా రెండు ఊళ్లకూ ఫొటోగ్రాఫరు వెళ్లినా రాతి స్తంభాలే తీసేవాడు. ఇత్తడి ప్రభ ఉత్సవం రోజు తప్ప బయటికే రాదు. పెళ్లి ఫొటోల్లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని రెండు ఊళ్లలో అడిగాం, లేదు. ముంపునాటికి అక్కడ కెమెరా ఉన్న ఇల్లే అరుదు.

ఇక సభ. నేను రంగంలోకి దిగకముందే మ్యూజియంవాళ్లు ఒక ఊళ్లో పెద్దల్ని కూర్చోబెట్టి, ఫొటో చూపించి, ‘ఇది మీదేనా’ అని అడిగి వీడియో తీశారు. అందరూ మాదే అన్నారు. మొదట మాట్లాడిన ముసలాయన చెప్పిన కథే మిగతావాళ్లంతా చెప్పారు. వాళ్లు అబద్ధం ఆడారని నేను అనుకోను. నలుగురిలో ఒక పెద్ద మనిషి చెప్పాక ఎదురు మాట్లాడటం మన పద్ధతి కాదు. పైగా ఫొటో కళ్ల ముందుంటే జ్ఞాపకం దాన్ని చూసే సర్దుకుంటుంది. ఆ వీడియోను నేను ఆధారంగా తీసుకోలేదు.

కాలి వెనక రెండు పంక్తులు

ప్రభావళిని షోకేసు నుంచి దించి, బల్ల మీద గుడ్డ పరిచి బోర్లా పడుకోబెట్టాం. వెనకవైపు ఎడమ కాలి మీద చిన్న అక్షరాలు రెండు పంక్తులు. మ్యూజియంలో ఎవరూ వాటిని చదవలేదు, ఎందుకంటే ఎప్పుడూ గోడవైపే ఉన్నాయి. శ్రీ చెన్నకేశవస్వామివారి సన్నిధికి ఫలానా వర్తకుడు సమర్పించాడని ఉంది. ఊరి పేరు లేదు. ఊళ్లో గుడికి ఇచ్చేటప్పుడు ఊరి పేరు ఎవరు రాయిస్తారు? చివర శాలివాహన శకం, నాలుగు తెలుగు అంకెలు, ‘సర్వధారి’.

అంకెల్లో మూడోది అరిగిపోయింది. ౧, ౮, తర్వాత ఏదో, చివర సున్న. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. సర్వధారి అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి శక 1800ల్లో కుదిరేవి రెండే: శక 1810, అంటే 1888-89, శక 1870, అంటే 1948-49. మూడో అంకె ఒకటైతే ఒక సంగతి, ఏడైతే ఇంకో సంగతి. ఏదైనా సరే విజయనగరం మాత్రం కాదు.

గదిలో లైట్లు ఆపి, సెల్‌ఫోన్ టార్చిని ఇత్తడికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి ఒక్కో కోణంలో ఫొటోలు తీశాం. అరిగిన గాటులో కూడా అప్పుడు నీడ పడుతుంది. మొదటి అంకె ౧ ఎలాగూ స్పష్టంగా ఉంది, చెక్కిన చెయ్యి ఒకటే కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకున్నాను. మొదటి అంకెలో గీత ఆగిపోయిన చోటు దాటి మూడో అంకెలో ఉలి గాటు ఇంకా సాగింది. ఒకటి కాదు, ఏడు. ఆ భాగమే ఎందుకు అరిగిందో కూడా అర్థమైంది. ప్రభను ఎత్తేటప్పుడు బొటనవేలు సరిగ్గా అక్కడ పడుతుంది. ఏళ్ల తరబడి చింతపండు పెట్టి తోమారు, పట్టుకుని మోశారు. ఇది అలంకారానికి ఉన్న వస్తువు కాదని, నిత్యం వాడకంలో ఉన్నదని ఆ అరుగుదలే చెబుతోంది.

అదే కాలికి కింద ఒక రాగి బిళ్ల, మాటు వేసిన అతుకు. విరిగితే బాగుచేయించారు. ముందు నుంచి తీసిన ఏ ఫొటోలోనూ ఇది కనబడదు. ఇది దొరికాక నాకు ధైర్యం వచ్చింది. ఆ అతుకు గురించి మ్యూజియంలో ఇద్దరికి తప్ప బయట ఎవరికీ చెప్పకూడదని అక్కడే అనుకున్నాం.

1948 అని తేలగానే ట్రస్టులో కొందరు నీరుగారిపోయారు. నాకు మాత్రం పని తేలికైంది అనిపించింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండితేనే ఇలాంటి లోహపు వస్తువు పురావస్తువు. ఇది కాదు. కాబట్టి పురావస్తు రిజిస్ట్రేషన్, దాని బదిలీ తతంగం ఇక్కడ లేవు. అంతకంటే ముఖ్యం, 1948 అంటే దాని పుట్టుక తెలిసినవాళ్ల పిల్లలు ఇంకా ఉంటారు, ధర్మాదాయ శాఖ రికార్డుల్లో దాని ప్రస్తావన ఉండే అవకాశం ఉంది. ప్రదర్శనగా దాని ఖరీదు తగ్గింది, ఊరివాళ్లు అడగడానికి బలం పెరిగింది. ఈ రెండూ వేరని ట్రస్టు సభ్యులకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

దారి చూపిన కాగితాలు

ఆలయం మీద కాగితం ఎక్కడ ఉంటుంది? మ్యూజియంలో కాదు. భూమి ఉన్న చోట ఉంటుంది. చిన్న గుడికి కూడా నాలుగెకరాల మాన్యం ఉంటుంది, దాని చుట్టూ రెవెన్యూ, ధర్మాదాయ శాఖల కాగితం పేరుకుంటుంది. అందుకని ముందు ముంపు భూసేకరణ ఫైళ్లు పట్టుకున్నాను. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిపోయాక పాత కర్నూలు ఫైళ్లు రెండు చోట్లకు సర్దుబాటయ్యాయి, వెతికేవాళ్లు రెండు కలెక్టరేట్లలోనూ అడగాలి. పరిహారం ఖరారు చేసిన అవార్డు ఫైళ్లలో గోడలకు, చెట్లకు, బావులకు నష్టపరిహారం లెక్క ఉంది. కదిలే వస్తువుల మాటే లేదు. కానీ మొదటి ఊరి గుడి తరఫున పరిహారం తీసుకుంటూ సంతకం చేసిన ధర్మకర్త పేరు ఉంది. మ్యూజియం రిజిస్టరులో దాత ఇంటిపేరూ అదే.

అక్కడి నుంచి ధర్మాదాయ శాఖకు వెళ్లాను. 1951 నాటి మద్రాసు ధర్మాదాయ చట్టం వచ్చాక ప్రతి ఆలయానికీ ఆస్తుల రిజిస్టరు రాయించారు. భూములతో పాటు నగలు, పాత్రలు, వాహనాలు కూడా ఎక్కించాలి. చాలా గుళ్లవి దొరకవు. ఇక్కడ అదృష్టం, రెండు గ్రామాలవీ ఒకే కట్టలో ఉన్నాయి. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, కానీ సిరా నిలిచింది.

మొదటి ఊరి పద్దులో: ‘ఇత్తడి ప్రభ 1. సర్వధారి సం॥ కొత్తగా చేయించినది. తూకం వీశెలు 6, సేర్లు 2.’ పక్కన ఇచ్చిన వర్తకుడి పేరు. కాలి మీద ఉన్న పేరే.

తూకం లెక్క చూశాం. మద్రాసు తూకంలో వీశెకు అయిదు సేర్లు, సేరుకు 24 తులాలు, తులం సుమారు 11.66 గ్రాములు. 6 వీశెల 2 సేర్లు అంటే 32 సేర్లు, దాదాపు 8.95 కిలోలు. సేరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి, 80 తులాల సేరు కూడా అప్పట్లో వాడుకలో ఉంది, దానితో లెక్క కడితే బరువు మూడింతలు దాటుతుంది. పద్దు వీశెల్లో ఉండటం వల్ల ఆ అనుమానం పోయింది. మ్యూజియంలో తూస్తే 8.7 కిలోలు వచ్చింది. కుడివైపు రెండు జ్వాలలు విరిగిపోయాయి, అరుగుదల ఉంది. ఆ తేడా నమ్మదగినదే.

రెండో ఊరి పద్దు తిప్పితే ఇంకో సంగతి: ‘కొయ్య ప్రభ 1, వెండి రేకు తొడిగినది.’ వాళ్లకూ ప్రభ ఉంది, అది ఇత్తడిది కాదు. వాళ్ల పెద్దవాళ్లు ‘తళతళ మెరిసేది’ అని చెప్పిన జ్ఞాపకం నిజమే, వస్తువు వేరు. వాళ్ల అర్జీని దురాశ కింద జమకట్టిన ట్రస్టు సభ్యుడికి ఆ పేజీ చూపించాను.

అడిగే తీరు

కాగితం ఉన్నా మనుషుల్ని అడగడం మానలేదు. రిజిస్టరులో ఉన్న ప్రభ, మ్యూజియంలో ఉన్న ప్రభ ఒకటేనని చెప్పడానికి తూకం, పేరు సరిపోవచ్చు, కానీ మధ్యలో అది గుడి నుంచి ఎలా బయటికి వచ్చిందో కాగితం చెప్పదు.

ఈసారి ఫొటో చూపించలేదు. ఒక్కొక్కరినీ వాళ్ల ఇంట్లోనే విడిగా కలిశాను. ప్రభ గురించి కాక ఉత్సవం గురించి అడిగాను. పల్లకి ఎవరు మోసేవాళ్లు, స్వామి ఏ వీధిలో ముందు తిరిగేవాడు, అలంకారం ఎవరు చేసేవాళ్లు. మాట దానంతటదే ప్రభ దగ్గరికి వచ్చేదాకా ఆగాను. మొదటి ఊళ్లో పల్లకి మోసిన ఒక పెద్దాయన మంచం మీద కూర్చునే చేతులతో చూపిస్తూ చెప్పాడు: ‘‘ఎడం పక్క కాలు ఇరిగింటే రాగి బిళ్ల పెట్టి మాటేపిచ్చినాం సార్. అప్పట్నుంచి రోంత ఒరిగేది. గుడ్డపేలిక చుట్టి బిగిస్తా ఉంటిమి.’’

ఆ అతుకు ఆయన చూసి నలభై ఏళ్లు దాటింది. ఫొటోలో లేదు, సభలో ఎవరూ అనలేదు. రిజిస్టరు రాసినప్పటికి అది లేదు కూడా. కాబట్టి ఆయనకు ఎవరో చెప్పి ఉండే వీలు లేదు. ఈ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చిన సాక్ష్యం ఇదే.

తర్వాత పీఠం. ప్రభావళి కాళ్లు ఉత్సవ విగ్రహం పీఠంలోని రెండు రంధ్రాల్లో దిగుతాయి. మొదటి ఊరివాళ్లు మునక సమయంలో విగ్రహాన్ని చేతుల మీద తెచ్చుకున్నారు, అది కొత్త గుడిలో పూజలో ఉంది. ప్రభావళిని మోసుకెళ్లి బిగించి చూద్దామన్నారు కార్యదర్శి. ఒప్పుకోలేదు. ఒకసారి ఊళ్లో అడుగు పెడితే వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు, అప్పటికి నిర్ణయం జరగలేదు. పూజలో ఉన్న విగ్రహాన్ని మనం ముట్టుకోవడమూ పద్ధతి కాదు. అందుకని కాళ్ల కొలతలకు మందపాటి అట్టతో నమూనా కత్తిరించి తీసుకెళ్లాం. అర్చకస్వామి అభిషేకం అయ్యాక తానే పెట్టి చూశారు. కుడి కాలు సరిగ్గా దిగింది. ఎడమ కాలు కొంచెం వదులు, గుడ్డ చుట్టాల్సినంత. రెండో ఊళ్లోనూ అదే నమూనాతో చూశాం. అక్కడి పీఠానికి రంధ్రాల దూరమే వేరు.

ఇచ్చినాయన ఇల్లు

దాత బతికే ఉన్నారు. ధర్మకర్త కొడుకు, వయసు మీద పడింది. ఆ ఇంటికి వెళ్లేటప్పుడు ఏమి అడగాలన్నది చాలా ఆలోచించాను. ‘మీ నాన్న గుడి సొత్తు ఎందుకు పెట్టుకున్నారు’ అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది, పైగా అది న్యాయం కూడా కాదు. మునుగుతున్న ఊళ్లో ధర్మకర్త చేయాల్సిన పనే ఆయన చేశాడు, భద్రపరిచాడు. అందుకే, ‘నీళ్లు వచ్చినప్పుడు గుడి సామాన్లు ఎలా కాపాడారు’ అని అడిగాను.

ఆయన దాచుకోలేదు. ‘‘మా నాయన పోయేదాకా అది స్వామి సొత్తు, స్వామి సొత్తు అనే అంటుండె. ఇంట్లో పెట్టుకుంటే మైల పడుతుందని మా అమ్మకు భయం. అప్పటికి ఊళ్లో గుడి లేచిందే లేదు. మ్యూజియంలో అయితే పదిలంగా ఉంటుందని ఇచ్చినాం.’’ కాగితాలేమైనా ఉన్నాయా అంటే, 2009 అక్టోబరు వరదలో పాతబస్తీ ఇల్లు మునిగినప్పుడు ట్రంకు పెట్టె పోయిందన్నారు. ఈ మాటలన్నీ ఆయన తన చేత్తోనే రాసి సంతకం చేసి ఇచ్చారు.

ఆ కాగితంతో మూడో ప్రశ్న తేలిపోయింది. మన చట్టంలో దేవుడు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. ధర్మకర్త, అర్చకుడు ఆ ఆస్తికి కాపలాదారులే గాని యజమానులు కారు. తమిళనాడు పత్తూరు నటరాజు కేసులో 1991లో లండన్ అప్పీలు కోర్టు కూడా గుడికి దావా వేసే హక్కు ఉందని ఒప్పుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అల్లుడికి దురుద్దేశం లేదు, అయినా సొమ్ము అత్తదే.

ట్రస్టు న్యాయవాది కాలపరిమితి గురించి లేవనెత్తారు. ముప్పై ఏళ్లు దాటాక అడిగితే చెల్లుతుందా అని. మంచి ప్రశ్న. 1963 కాలపరిమితి చట్టం పదో సెక్షను ఆయనే తీసి చదివారు. ధర్మాదాయ ఆస్తిని నిర్వాహకుడి నుంచి, అతని వారసుల నుంచి, వాళ్ల దగ్గర పొందినవాళ్ల నుంచి తిరిగి అడగడానికి గడువు లేదు, ప్రతిఫలం ఇచ్చి పొందినవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మ్యూజియం డబ్బు పెట్టి కొని ఉంటే వాదనకు కొంత చోటు ఉండేది. దానంగా పొందింది కాబట్టి లేదు. ఇన్నేళ్లూ తమకు బలం అనుకున్న మాటే అక్కడ అడ్డం తిరిగింది. ఇది కోర్టు తీర్పు కాదు, ఆయన అభిప్రాయం. కానీ కోర్టు మెట్లు ఎక్కకుండా నిర్ణయం తీసుకోవడానికి ట్రస్టుకు అది చాలింది.

అప్పగింత

ట్రస్టు ముందు ఒక మధ్యేమార్గం అనుకుంది. ప్రభావళి మ్యూజియం పేరు మీదే ఉండి, ఉత్సవాలకు ఊరికి అరువు ఇవ్వడం. చూడటానికి అందరికీ మంచిదే అనిపిస్తుంది. నేను వద్దన్నాను. అరువు పత్రం మీద ఊరివాళ్లు సంతకం పెడితే, వస్తువు మ్యూజియందేనని వాళ్లే ఒప్పుకున్నట్టు అవుతుంది. పరిశోధన చెప్పింది దానికి విరుద్ధం. నిజం ఒకటి తేలాక కాగితం ఇంకోటి చెప్పకూడదు.

కొత్త గుడికి గట్టి తలుపు లేదు, దొంగలు ఎత్తుకుపోతే అన్నది ఇంకో అభ్యంతరం. ఆ భయం నాకూ ఉంది. కానీ బీరువా బాగా లేదని ఒకరి సొత్తు మనం ఉంచుకోలేం. దానికి బదులు, దొంగిలించిన కళావస్తువులను గుర్తుపట్టడానికి 1997 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఆబ్జెక్ట్ ఐడీ పద్ధతిలో ప్రభావళికీ ఉత్సవ విగ్రహాలకూ పత్రాలు తయారు చేశాం. కొలతలు, తూకం, అన్ని వైపుల ఫొటోలు, రాగి అతుకు, విరిగిన జ్వాలలు, వెనక రాత. వాటి నకళ్లు గుడిలో, ధర్మాదాయ కార్యాలయంలో, మ్యూజియంలో ఉన్నాయి.

ఆలయ ఈవో సమక్షంలో పంచనామా రాసి అప్పగించారు. 1987 ధర్మాదాయ చట్టం కింద ఉండే సెక్షన్ 43 రిజిస్టరులో దాన్ని ఎక్కించాలని పట్టుబట్టాను, లేకపోతే ఇంకో నలభై ఏళ్లకు ఎవరో మళ్లీ మొదటి నుంచి వెతకాలి. మ్యూజియం తన రిజిస్టరులో పాత పద్దు కొట్టేయలేదు. కింద ఎర్ర సిరాతో ఎందుకు, ఎవరికి, ఏ ఆధారాల మీద ఇచ్చిందో రాసింది. ముప్పై ఏళ్లు దాన్ని చెక్కుచెదరకుండా కాపాడింది కాబట్టి ఊరివాళ్లు ట్రస్టు వాళ్లకు శాలువాలు కప్పారు. ఆ గౌరవానికి వాళ్లు అర్హులే.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

మ్యూజియం రిజిస్టరులో దానం, కొనుగోలు, స్వాధీనం అని కాలమ్ ఉంటుంది. దాని పక్కన ఇంకో కాలమ్ ఊహించుకోండి: ఇచ్చినవారికి ఇది ఏ హోదాలో దక్కింది? యజమానిగానా, ధర్మకర్తగానా, అర్చకుడిగానా, అద్దెకున్నవాడిగానా? జవాబు ఖాళీగా ఉన్న పద్దులు ముందు చూడాలి. మ్యూజియానికి దురుద్దేశం లేకపోవడం వల్ల ఆ ఖాళీ నిండదు.

వస్తువు కోసం వెతికేటప్పుడు వస్తువు దగ్గరే ఆగిపోవద్దు. మన జిల్లాల్లో కాగితం భూమిని అంటుకుని ఉంటుంది. మాన్యం సర్వే నంబరు పట్టుకుంటే గుడి దొరుకుతుంది, గుడి దొరికితే ధర్మకర్త దొరుకుతాడు, ఆయన ఇల్లు దొరికితే వస్తువు నడిచిన దారి దొరుకుతుంది. వస్తువు మీది ఏదో ఒక గుర్తును బయటపెట్టకుండా దాచి ఉంచండి. అది తెలిసిన మనిషి ఎదురైనప్పుడు, అతని మాటకు విలువ కట్టడానికి మీ దగ్గర ఉండే కొలత అదొక్కటే.

అర్జీ ఓడిపోయిన ఊరిని అక్కడే వదిలేయకండి. రెండో గ్రామానికి వాళ్ల రిజిస్టరు పేజీ నకలు ఇచ్చాం. వాళ్ల కొయ్య ప్రభకు తొడిగిన వెండి రేకు తూకం తులాలతో సహా ఉంది, చేసిన కంసాలి పేరు ఉంది. మునక నాటి వాళ్ల ధర్మకర్త వారసులు ఆదోనిలో ఉంటున్నారని తెలిసింది. ఆ కుటుంబానికి ఉత్తరం రాశాం, వెండి రేకు విడిగా ఏదైనా సంస్థకు చేరిందేమోనని జిల్లాలోని చిన్న మ్యూజియాలకు, రెండు మఠాలకు ఆ పేజీ పంపాం. ఒక మఠం నుంచి తమ దగ్గర పాత వెండి రేకులు కొన్ని ఉన్నాయని, వచ్చి చూడమని జవాబు వచ్చింది.